చెక్కకి రెండో చివర

మొన్న మా అమ్మాయితో అమలాపురం వెళ్ళి, ఇనుప సామాన్ల షాపులో, చెక్క కోసుకునేటప్పుడు కింద ఆనించుకోవడానికి మడత స్టాండ్లు ఏమున్నాయో చూపించమని అడిగితే, షాపాయన నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, ఎంతో మర్యాదగా, "పెద్దాయన రాలేదాండీ? పనిచేసుకునే ఆయనొచ్చి చూసుకుంటే బాగుంటుందండి" అన్నాడు. మా అమ్మాయి నా మొహం చూసి నవ్వు ఆపుకుంది. పనిచేసుకునేది నేనేనండీ అంటే ఆయన నమ్మినట్టు తలూపేడు గాని, తీసి చూపించిన మొదటి రకం చూస్తే నమ్మలేదని తెలిసిపోయింది. ప్లాస్టిక్‌వి, ఎర్రగా, ముద్దుగా ఉన్నాయి. ఒంటిచేత్తో ఎత్తుకుపోవచ్చు. నేను లేచి, ఒకదాన్ని విప్పి నిలబెట్టి, దాని నెత్తిమీద రెండు చేతులూ పెట్టి, చిత్రిక పట్టేటప్పుడు తోసినట్టు ముందుకు తోసేను. అది మెలికలు తిరిగిపోయింది.

తరవాత ఆయన బిగించే దవడలున్న చిన్న మడతబల్ల తెచ్చేడు. కుర్చీకాళ్ళలాంటి పొట్టి పనులకి అది బాగానే ఉంటుంది గాని, పొడుగు పలక ఒకటి దానిమీద పెట్టి ఆ చివర కోయడం మొదలెడితే బల్లతో సహా బోల్తా పడుతుంది. మూడోసారి తెచ్చినవి ఇనుపకాళ్ళవి, కాళ్ళు వెడల్పుగా చాపుకుని నిలబడేవి, మధ్యలో అడ్డకమ్మీ చటుక్కున పడి బిగుసుకునేవి, ఎత్తు పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ వీలున్నవి. వయసులో ఉండగా మోకాలికి కాస్త పైదాకా ఉంటే చాలు, కాలు మీద పెట్టి తొక్కిపట్టి రంపం లాగేదాన్ని. ఇప్పుడు వంగితే లేవలేను, నాకు నడుందాకా రావాలి. పైన చెక్కపట్టీ ఉందా అని వేలితో తడిమి చూసేను, లేకపోతే రంపం పళ్ళు ఇనుముకి తగిలి పాడైపోతాయి. రెండూ పక్కపక్కన పెట్టి, వాటి మీద షాపులో ఉన్న పొడుగు చెక్క ఒకటి వేయించి, అది ఎటూ ఊగకుండా కూచుందని చూసి, ఇవే కావాలన్నాను. అప్పుడు షాపాయన, ఈసారి నిజంగానే, "ఎక్కడ నేర్చుకున్నారండీ ఇదంతా?" అని అడిగేడు.

ముక్తేశ్వరంలో, మా బావగారి దగ్గర, అన్నాను. అబద్ధం కాదు గాని, ఆ జవాబు చెప్పేటప్పుడు నా పళ్ళు ఎందుకు బిగుసుకున్నాయో ఆయనకి తెలియదు. మీకు చెప్తాను. నా ఈడువాళ్ళలో చాలామందికి ఇలాంటి బావగారో, ఆడపడుచో, అత్తగారో ఉండే ఉంటారు, పైకి చెప్పుకోరు అంతే.

నేను మలికిపురం దగ్గర పుట్టిపెరిగేను. మా నాన్నగారు బడిలో మేష్టారు, చర్చిలో పెద్ద. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆదివారం ఆరాధనలో హార్మోనియం నాదే. పాదిరిగారు పాట నంబరు చెప్పేలోపే నా వేళ్ళు మెట్లమీద ఉండేవని మా అమ్మ అందరికీ చెప్పుకునేది. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా మా మామగారు నా చదువూ, వంటా అడగలేదు, ఒక పాట వాయించమన్నారు, విని కళ్ళు తుడుచుకున్నారు. ముక్తేశ్వరంలో వాళ్ళ చర్చిలో హార్మోనియం వాయించేవాళ్ళు లేక పెట్టెకి గుడ్డకప్పి మూల పెట్టేసేరట. అలా పాట మూలంగానే నేను ఆ ఇంటికి కోడల్నయ్యేను. కాపరానికెళ్ళిన మొదటి ఆదివారం ఆ గుడ్డ తీసి, దుమ్ము దులిపి వాయిస్తే, ఊళ్ళోవాళ్ళు ఆరాధనయ్యేక కూడా కాసేపు లేవలేదు.

మావారు కొత్తపేటలో గుమాస్తా, పొద్దున్నే సైకిలెక్కితే దీపాలవేళకి ఇంటికొచ్చేవారు. మా బావగారు, అంటే మావారికి అన్నగారు, ఇంటి పెరట్లోనే షెడ్డు వేసి తలుపులూ, ద్వారబంధాలూ, మంచాలూ చేసేవారు. పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు, ఐనవిల్లి నుంచీ, గోదావరి అవతల నుంచీ కూడా వచ్చి చేయించుకునేవారు. నోరు మాత్రం చాలా చెడ్డది. జీతానికి పెట్టుకున్న మనుషులంతా నెల తిరక్కుండానే వెళ్ళిపోయేవారు. అంచేత పొడుగు పలక కోయాల్సొచ్చినా, దూలం తిప్పాల్సొచ్చినా, ఈ చివర ఆయన ఉంటే ఆ చివర ఇంట్లో ఆడవాళ్ళలో ఒకరుండేవారు. నేను వెళ్ళకముందు అది మా తోటికోడలు, ఆవిణ్ణి నేను అక్కా అనేదాన్ని. నేను వెళ్ళేక నా వంతయింది. పొయ్యిమీద కూరుంటే దించేసి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళి, ఆయన "చాలు" అనేవరకూ ఆ చివర పట్టుకుని నిలబడాలి. చేతులు పీకుతున్నాయంటే, ఇదేం బరువూ అనేవారు. మా మామగారు ఒకసారి, ఒరే, నాలుగు కాళ్ళ బల్లలు రెండు చేసి పెట్టుకోరాదూ, పిల్లని ఊరికే నిలబెడతావు అని గొణిగితే, బావగారు నవ్వి, మనుషుల్లేని కొంపల్లో వాడతారు అలాంటివి, మనకేం ఖర్మ అన్నారు.

నాకు మరీ ఓపిక లేనప్పుడు షెడ్డు వారగా ఉండే రుబ్బురోలు మీదికి వంగి, పలకని దాని అంచుకి దగ్గరగా పట్టుకునేదాన్ని. ఆ రోజూ అలాగే ఉన్నాను. ద్వారబంధానికి తెచ్చిన టేకు పలక, నా బరువంత ఉంటుంది. ఇద్దరం ఎత్తి, ఆయన "ఊఁ" అన్నప్పుడు ఇద్దరం ఒకేసారి దించాలి, అదీ పద్ధతి. ఈలోపు గేటు దగ్గర ఎవరో పెద్ద ఆసామి కారు దిగేడు. మా ఇంటికి కారు రావడం అప్పట్లో గొప్ప. బావగారు ఊఁ అనలేదు, నా వంక చూడనైనా చూడలేదు, తన చివర వదిలేసి "రండి రండి" అంటూ వెళ్ళిపోయేరు. ఆ చివర నేలకి కొట్టుకుని, ఈ చివర ఎగిరి, మళ్ళీ వచ్చి రోలు అంచుమీద పడింది. మధ్యలో నా కుడిచేతి వేళ్ళున్నాయి.

నొప్పి సంగతి రాయను. అమలాపురం ఆసుపత్రిలో చేతనైనంత చేసేరు. నడిమివేలూ, ఉంగరంవేలూ చివర్లు పోయేయి, మిగిలినవి కూడా తిన్నగా ముడుచుకోవు. నాకు ఆ రోజు గురించి తల్చుకుంటే గుర్తొచ్చేది ఆ నెత్తురు కాదు, నా చుట్టూ మూగినవాళ్ళతో మా బావగారు అన్న మాట. "కునుకు తీసింది పిచ్చిపిల్ల, పట్టు వదిలేసింది" అన్నారు. జాలిగా, తల నిమురుతూ కూడా అన్నారు. నేను నోరెత్తే స్థితిలో లేను. నేను ఆసుపత్రినుంచి వచ్చేసరికి ఆ మాట ఊరంతా తిరిగి, స్థిరపడిపోయింది. పరామర్శకొచ్చిన ప్రతివాళ్ళూ నిద్ర గురించే మాట్లాడేరు. పాదిరిగారి భార్య పక్కన కూచుని, కొత్తకాపరం కదమ్మా, ఒంటికి విశ్రాంతి ఉండద్దూ అని మెత్తగా చెప్పింది. కాదండీ, ఆయనే వదిలేసేరండీ అని నేను చెప్తే, బాధలో ఏదో అంటోంది పాపం అన్నట్టు చూసేవారు. ఆఖరికి మావారు, ఎప్పుడూ పల్లెత్తు మాటనని మనిషి, పక్కన కూచుని కట్టుకట్టిన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, "నిజంగానే నిద్రొచ్చిందా?" అని అడిగేరు.

చర్చిలో హార్మోనియం మళ్ళీ మూలకి చేరింది. ఆదివారం నేను ఆడవాళ్ళ వరసలో కూచుని, తాళం లేకుండా ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్ళు పాడుతుంటే వింటూ, ముందువరసలో ఉన్న మా బావగారి వీపుకేసి చూసేదాన్ని. క్షమించమని ప్రసంగం వచ్చిన రోజుల్లో మరీ తీక్షణంగా చూసేదాన్ని. ప్రభువు నన్ను మన్నించాలి గాని, ఆయన్ని మన్నించాలని నాకు ఒక్కరోజూ అనిపించలేదు.

కట్లు విప్పేక కొన్నాళ్ళకి, షెడ్డులో ఇద్దరు ముగ్గురు ఆసాములుండగా, బావగారు మామూలుగా కేకేసేరు. "అమ్మాయ్, ఇలా వచ్చి ఈ చివర కాస్త పట్టుకో." నేను వంటింట్లోంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, తల మీద కొంగు సర్దుకుని, ఎంతో వినయంగా, "నేను కునుకు తీస్తానండి బావగారూ, నన్ను నమ్ముకోకండి" అన్నాను. ఆసాముల్లో ఒకాయన ఫక్కున నవ్వేడు. బావగారు నవ్వలేదు. నేను లోపలికెళ్ళి, పోపుగింజలు నూనెలో వేసి, అవి చిటపటమంటుంటే ఆసుపత్రినుంచి వచ్చింతరవాత మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాను.

అక్కడితో ఊరుకోలేదు. ఆయన మళ్ళీ అక్కని పిలవడం మొదలెట్టేరు. నువ్వూ వెళ్ళకు అని నేను అక్కకి చెప్పేను. ఆవిడ చాలా భయస్థురాలు, మొగుడెదట గొంతు విప్పి ఎరగదు. అలాంటిది ఒకరోజు పొద్దున్న, ఆయన పిలిస్తే, పెరట్లో చేటతో బియ్యం చెరుగుతున్నదల్లా ఆగి, "నాకూ కునుకొస్తోందండి" అంది. నాకు చెప్పకుండానే అంది. ఇద్దరం ఆ తరవాత వంటింట్లో తలుపేసుకుని నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేం. బావగారు పలకని మంచంకోడుకి కట్టి, అరుగు అంచుకి ఆనించి, సిమెంటు బస్తాలమీద పెట్టి, రకరకాల అవస్థలు పడ్డారు. పలకలు జారేవి, కోత వంకరపోయేది. మనుషుల్లేని కొంపల్లో వాడేవి తాను చేసుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు.

అప్పుడు నేను చేసేను. అన్నాళ్ళు ఆ చివర నిలబడి, చూడడం తప్ప నాకు వేరే పనేముంది గనక, ఆయన చేతుల్లో ప్రతి కదలికా నా కళ్ళలో ఉంది. గాలివానకి పడిపోయిన మా మామిడిచెట్టు కొమ్మని మావారు కోతమిల్లులో పలకలు తీయించుకొచ్చేరు. సొంతంగా రంపం ఒకటి, ఉలి ఒకటి కొనిపెట్టేరు. వేళ్ళు ముడుచుకోవు గనక రంపం పిడికి గుడ్డ చుట్టి, మణికట్టుకి కట్టుకుని లాగేదాన్ని. మొదట చేసినవి కుంటివి, ఆనిస్తే పక్కకి ఒరిగేవి, వాటిని పొయ్యిలో పెట్టేసేను. తరవాత చేసినవి నిలబడ్డాయి. పైన తలుపు బందులు వేసి, కాళ్ళు మరీ చాపుకుపోకుండా మధ్యలో కొబ్బరితాడు కట్టేను. మడిస్తే గోడవారకి ఒదిగిపోయేవి, విప్పితే ఏనుగెక్కినా కదిలేవి కావు. మా ఇంట్లో వాటిని గుర్రాలనేవాళ్ళం. మా మామగారు వాటి వీపు తట్టి, నా నెత్తిమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయేరు.

వాటిని నేను పెట్టిన చోటు షెడ్డుకి సరిగ్గా ఎదురుగా. బావగారు పనిలోంచి తలెత్తితే అవే కనపడాలి. వాటిమీద పలక వేసి వడియాలెండబెట్టేను. వడియాల కాలం అయిపోతే మిరపకాయలు, అవీ అయిపోతే దుప్పట్లు. పనిలేనప్పుడు ఖాళీగానే నిలబెట్టేదాన్ని, ఖాళీగా ఉన్నా ఇవ్వనని ఆయనకి తెలియాలని. ఒకసారి అత్తగారిచేత అడిగించేరు. ఎంతలేదన్నా పెద్ద ఆర్డరు, పాడైపోయేలా ఉంది, ఆ రెండూ ఒక పూట ఇవ్వమ్మా అని ఆవిడ నా దగ్గరికొచ్చి అడిగేరు. ఆయ్, ఇద్దును గాని, వడియాలు పచ్చిగా ఉన్నాయండీ అన్నాను. ఆవిడ వడియాలకేసి చూసేరు, ఒకటి తీసి విరిచేరు. పెళుక్కున విరిగింది. ఆ ముక్కలు పలకమీద పెట్టేసి వెళ్ళిపోయేరు. మావారు మాత్రం, పోనీ ఇచ్చెయ్యరాదూ, అన్నయ్య కదా అన్నారు, ఆయనతో నేను కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ గుర్రాలమీద నేను సండేస్కూలు పిల్లలకి బెంచీలు చేసేను, మా అమ్మాయికి ఉయ్యాల చేసేను. తరవాత మేం కాపరం కొత్తపేటకి మార్చేం, గుర్రాలు కూడా మాతో వచ్చేయి. ఏళ్ళు గడిచేయి, అత్తమామలు వెళ్ళిపోయేరు, మావారూ వెళ్ళిపోయేరు. మా అమ్మాయి చదువుకుని అమలాపురంలో టీచరయ్యింది. నేను నా వాటాకి వచ్చిన ముక్తేశ్వరం ఇంటి సగంలోకి తిరిగొచ్చి, వెనక వసారాలో నా పని నేను పెట్టుకున్నాను. మధ్యలో ఒక గోడ. గోడకవతల బావగారి షెడ్డు అప్పటికే మూతపడింది. తయారుగా ఉన్న తలుపులు లారీల్లో వచ్చేస్తుంటే చేయించుకునేవాళ్ళెవరు? అక్కకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. నేను రోజూ వెళ్ళి ఆవిడకి తల దువ్వి వచ్చేదాన్ని. బావగారూ నేనూ మాత్రం ఎదురుపడితే తప్పుకునేవాళ్ళం.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఆయన మా వసారా మెట్లెక్కేరు. బాగా కుంగిపోయేరు మనిషి. అక్కకి మంచంమీదనే కూచుని అన్నం తినడానికి వీలుగా, ఒళ్ళోకి వచ్చేలా ఒక బల్ల కావాలన్నారు. తన చేతులిప్పుడు వణుకుతున్నాయని, ఉలి నిలవడం లేదని, నేల చూస్తూ చెప్పేరు. అక్కకోసమైతే ఎవరూ అడక్కుండానే చేద్దును. సరేనండీ అన్నాను. చెక్క తీసేను. గుర్రాలు రెండూ మడిచి గోడకి ఆనించి ఉన్నాయి. ఆయన వాటికేసి చూసేరు. ఆయన చూడ్డం నేను చూసేను. చూసి, పలక ఎత్తి, "ఈ చివర కాస్త పట్టుకోండి బావగారూ" అన్నాను.

ఆయన పట్టుకున్నారు. నేను నా చివర పాత స్టూలుమీద పెట్టుకుని, రంపం తీసి, చాలా నెమ్మదిగా కోయడం మొదలెట్టేను. ఆగేను, గీత సరిచూసుకున్నాను, మళ్ళీ మొదలెట్టేను. ఎండ వసారాలోకి వచ్చింది. రంపానికి కొబ్బరినూనె రాసుకున్నాను. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేను, ఆయన అలాగే ఉన్నారు. మోచేతులు వణుకుతున్నాయి, చొక్కా తడిసిపోయింది, అయినా దించలేదు, దించనా అని అడగలేదు. నాకు జాలి కలగలేదని చెప్పడానికి నేను సిగ్గుపడను. ఆ పొద్దుకోసం ఎన్నాళ్ళు బతికేనో నాకు తెలుసు.

చాలాసేపయ్యేక, తల ఎత్తకుండానే, "ఇంత బరువుండేదా అమ్మాయీ?" అన్నారు.

"ఆయ్. ఇంతే ఉండేదండి" అన్నాను.

కోత పూర్తయ్యింది. ముక్క కిందపడింది. ఆయన పలకని జాగ్రత్తగా, నేను "ఊఁ" అన్నాకనే దించి, మెట్టుమీద కూలబడి, అప్పుడు చెప్పేరు. ఆ రోజు నువ్వు కునుకు తియ్యలేదమ్మాయీ, నేనే వదిలేసేను, ఆ కారాయన ముందు చెప్పుకోలేక అలా అనేసేను, అన్నాక మరి వెనక్కి తీసుకోలేకపోయేను అన్నారు. నేను ఆ మాటకోసం కాచుకుని ఉన్నదాన్ని. నాకెందుకండీ చెప్పడం, నాకు తెలియందా, ఆ రోజు మీ మాట విన్నవాళ్ళకి చెప్పండి అన్నాను. ఆయన నిజంగానే ఒక్కొక్కళ్ళనీ తల్చుకున్నట్టున్నారు. తరవాత, "వాళ్ళెవరున్నారమ్మాయీ?" అన్నారు.

ఎవరూ లేరు. అత్తగారు లేరు, మామగారు లేరు, పాదిరిగారి భార్య లేదు. అందరికంటే ముఖ్యంగా నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ ప్రశ్న అడిగిన మనిషి లేరు. ఆ ఒక్క మనిషికి ఆ ఒక్క మాట చెప్పించడానికేనని అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళ నా పట్టుదలంతా. బతికున్నది అక్క ఒక్కతే. పదండి, అక్కకి చెప్పండి అన్నాను. వదల్లేదు, అక్క తల దువ్వే దువ్వెన చేత్తో పట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేను. ఆయన మంచం పక్కన నిలబడి చెప్పేరు. అక్క నాకేసి చూసింది, వంకరపోయిన నోటితో, ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుంటూ, తనకి ఆ రోజే తెలుసునంది. వంటింటి కిటికీలోంచి చూసిందిట. చెప్తే తనని బతకనివ్వరని ఊరుకుందిట.

దువ్వెన నా చేతిలోనే ఉంది. ఆ రోజుకి తల దువ్వకుండా ఇంటికొచ్చేసేను. మర్నాడూ వెళ్ళలేదు. బల్ల మాత్రం చేసేను, అంచులు ఆవిడ చేతికి గుచ్చుకోకుండా బాగా నునుపు చేసి, మూడోనాడు నేనే పట్టుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టేను. ఆవిడ ఏడ్చింది. నేను తల దువ్వేను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. బావగారు పోయినేడు వెళ్ళిపోయేరు, అక్కని వాళ్ళమ్మాయి రాజోలు తీసుకుపోయింది. నా పాత గుర్రాల్ని చెదపురుగులు తినేసేయి, అందుకే మొన్న ఈ ఇనుపవి కొన్నాం.

మా ఈడువాళ్ళు నలుగురు కలిస్తే ఉమ్మడి కాపరాల గురించి చాలా గొప్పగా చెప్పుకుంటారు, ఇంటినిండా మనుషులుండేవారని, ఏ పనికైనా పిలిస్తే పలికేవారుండేవారని, ఇప్పుడు ఎవరికి వాళ్ళే అయిపోయేరని. నేనూ వింటాను. నా దగ్గరే పని నేర్చుకున్న మా అమ్మాయి సెలవురోజు వచ్చి, స్టాండ్లు విప్పుకుని, ఎంత పొడుగు పలకైనా ఎవర్నీ కేకెయ్యకుండా ఒక్కతే కోసుకుంటుంటే, నాకు మహా తృప్తిగా ఉంటుంది. ఆ పిల్ల చేతులు ఎవరి పరాకుకీ బలికానక్కర్లేదు. అయినా సాయంత్రం అది వెళ్ళిపోయేక, గోడకవతల ఆ ఖాళీ షెడ్డుకేసి చూస్తే, ఎందుకో కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. వాళ్ళెవర్నీ నేను క్షమించలేదు, వాళ్ళలో ఒక్కరైనా ఇక్కడుంటే ఇవాళ కూడా తగువుకే వెళ్దును. కానీ తగువుకైనా నన్ను "అమ్మాయ్" అని కేకేసే గొంతు ఇప్పుడు ఆ పెరట్లో ఒక్కటీ లేదు.